ఒక పేరు, నాలుగు కాలువలు: బెజవాడ మీదుగా సాగిన పడవ దారి ఎందుకు ఆగింది

బకింగ్‌హామ్ కాలువ పొడవెంత అని వెతికితే ఒకచోట 420 కిలోమీటర్లని ఉంటుంది, మరోచోట దాదాపు 800 అని ఉంటుంది. రెండూ పూర్తిగా తప్పు కాదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కాకినాడ నుంచి బెజవాడ మీదుగా మద్రాసు దాటి తమిళనాడులోని మరక్కాణం వరకు ఒకప్పుడు పడవలు వెళ్లిన మాట నిజం. కానీ ఆ దారి ఒక్క కాలువ కాదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాలకు, వేర్వేరు నీళ్లతో నడిచిన నాలుగు కాలువలను పడవలవాళ్లు ఒక దారిగా వాడుకున్నారు. చివరి కాలువ పేరు మొత్తానికి అంటుకుంది.

ముందు దారి చూద్దాం. కాకినాడ నుంచి రాజమండ్రి దగ్గర గోదావరి వరకు కాకినాడ కాలువ, 50 కిలోమీటర్లు. అక్కడ నది దాటాలి. అవతలి ఒడ్డున విజ్జేశ్వరం వైపు నుంచి బెజవాడ వరకు ఏలూరు కాలువ, 139 కిలోమీటర్లు. మళ్లీ కృష్ణ దాటి సీతానగరం దగ్గర పశ్చిమ కాలువలోకి దిగి, దుగ్గిరాల దగ్గర కొమ్మమూరు కాలువలోకి తిరిగితే బాపట్ల, చీరాల ప్రాంతాల మీదుగా పెదగంజాం. బెజవాడ నుంచి ఇది 113 కిలోమీటర్లు. పెదగంజాంతో మంచినీళ్లు అయిపోతాయి. అక్కడ మొదలయ్యే ఉప్పునీటి కాలువే అసలు బకింగ్‌హామ్. మద్రాసు వరకు 316 కిలోమీటర్లు, అక్కడి నుంచి మరక్కాణం వరకు 110.

మొదటి మూడూ పొలాలకు నీళ్లివ్వడానికి తవ్విన కాలువలు. పడవలు వాటికి రెండో పని. నాలుగోది అచ్చంగా పడవల కోసం తవ్వినది, దాని నీళ్లు ఒక్క ఎకరానికీ పనికిరావు. పడవలు ఎందుకు ఆగిపోయాయన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ తేడాలోనే ఉంది. "రైలు వచ్చింది, పడవ పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేయడం మనకు అలవాటైంది. ఆ మాట సగమే నిజం.

ఈ కాలువలకు ముందు గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో సరుకు కదలడం ఎంత కష్టమో ఊహించడానికి నందన సంవత్సరపు కరువును తలుచుకోవాలి. 1832-33లో వచ్చిన ఆ కరువును మనవాళ్లు డొక్కల కరువు అన్నారు. గుంటూరు జిల్లా దాదాపు ఖాళీ అయిపోయినంత పని చేసింది అది. వానలు లేక పంట పోవడం ఒక కారణమైతే, పంట ఉన్న చోటి నుంచి గింజలు తెచ్చే దారి లేకపోవడం రెండో కారణం. ఎండాకాలం ఎడ్లకు మేత లేదు. బండి కట్టి దూరప్రయాణం చేస్తే ఎడ్లకు పెట్టాల్సిందే బరువై కూర్చుంటుంది. వానాకాలం వస్తే నల్లరేగడిలో చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. తీరం వెంట ఓడలు ఉన్నా మన తీరానికి సహజమైన రేవులు తక్కువ. ఓడ దూరంగా ఆగితే అలల మీద చిన్న పడవల్లో సరుకు ఒడ్డుకు చేర్చాలి, తుపాను కాలంలో అదీ కుదరదు.

ఆర్థర్ కాటన్ ఆలోచన ఇక్కడి నుంచే అర్థమవుతుంది. ఆయన దృష్టిలో నది నీళ్లు రెండు పనులు చేయాలి: పంట పండించాలి, పండిన పంటను మోయాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అదే ఏడాది బెజవాడలో కృష్ణ మీద పని మొదలైంది. చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి ఆ ఆనకట్ట నిలబడింది. దాని రెండు పక్కల నుంచి బయల్దేరిన ప్రధాన కాలువలను పడవలు తిరిగేలా తీర్చారు. బెజవాడ ఊరి మధ్యలోంచి పోయే ఏలూరు, రైవస్, బందరు కాలువలూ, సీతానగరం వైపు పశ్చిమ కాలువా ఆ పని ఫలితాలే.

అయితే పంట కాలువలో పడవ నడపాలన్న కోరికలోనే ఒక చిక్కు ఉంది. పొలానికి నీళ్లు పారాలంటే కాలువకు వాలు ఉండాలి. పడవకు నీళ్లు నిలకడగా ఉంటేనే సుఖం. వాలు ఎక్కువైతే ఎదురు ప్రవాహంలో లాగేవాళ్ల ప్రాణం పోతుంది. ఈ రెండింటికీ రాజీ కుదిర్చినవి లాకులు. కాలువను మెట్లు మెట్లుగా విడగొట్టి, మెట్టుకూ మెట్టుకూ మధ్య ప్రవాహాన్ని నెమ్మదిగా ఉంచి, మట్టం పడిపోయే చోట లాకు కట్టారు.

లాకు అంటే రాతి గోడల గది, దానికి ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. పడవ దిగువకు వెళ్లాలనుకోండి. గదిని ఎగువ మట్టం దాకా నింపి, పై తలుపులు తీసి పడవను లోపలికి తెస్తారు. తలుపులు మూసి, కింది వైపు చిన్న షట్టర్లు ఎత్తితే గదిలో నీళ్లు మెల్లగా జారుతాయి, వాటితోపాటే పడవ దిగుతుంది. మట్టాలు సమానమయ్యాక కింది తలుపులు తెరుస్తారు. తలుపు రెక్కలు తిన్నగా కాకుండా ఎగువ వైపు మొనతేలి కలుసుకుంటాయి, అందువల్ల పైనీటి ఒత్తిడే వాటిని బిగించి పడుతుంది. యంత్రం లేదు, కరెంటు లేదు. లస్కర్లు, అంటే లాకుల దగ్గరి సిబ్బంది, చేత్తో తిప్పి నడిపేవారు. పొలాలకు పోవాల్సిన నీళ్లు మాత్రం లాకు గదిలోంచి కాక పక్కనున్న రెగ్యులేటరు గుండా పోతాయి. ఇంత తెలివైన ఏర్పాటును మనం ఇవాళ బస్టాపు గుర్తుగా మాత్రమే వాడుకుంటున్నాం; దుగ్గిరాల లాకుల దగ్గర దిగేవాళ్లలో లాకు ఎలా పనిచేసేదో తెలిసినవాళ్లు ఎంతమంది?

ఎంత దిగాలో కూడా చెప్పుకుంటే లాకుల అవసరం కళ్లకు కడుతుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిండు మట్టం సముద్ర మట్టానికి 57 అడుగుల ఎత్తు. అంటే 17 మీటర్ల పైమాటే. పెదగంజాం దగ్గర కాలువ సముద్రపు మట్టాన్ని తాకుతుంది. 113 కిలోమీటర్లలో ఆ 17 మీటర్లూ దిగాలి. సగటున కిలోమీటరుకు ఒక జానెడు కంటే తక్కువ. వినడానికి ఏమీ లేనట్టుంటుంది, బరువు పడవను ఎదురు లాగేవాడికి అదే కొండంత.

ఏలూరు కాలువ సంగతి మరీ విచిత్రం. అది ఒకే దిక్కున పారే కాలువ కాదు. బెజవాడ నుంచి కృష్ణ నీళ్లు, విజ్జేశ్వరం నుంచి గోదావరి నీళ్లు బయల్దేరి ఏలూరులో కలుస్తాయి. అందుకే ఇరిగేషన్ వాళ్లు కృష్ణా ఏలూరు కాలువ, గోదావరి ఏలూరు కాలువ అని రెండుగా చెబుతారు. బెజవాడలో బియ్యం ఎక్కించుకున్న పడవ ఏలూరు దాకా వాలుకు పోయి, అక్కడి నుంచి గోదావరి దాకా ఎదురు ఎక్కాలి. ఎటు నుంచి బయల్దేరినా సగం దారి సుఖం, సగం దారి కష్టం. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గెడలు వేసేవారు, అదీ చాలకపోతే గట్టు మీద నడుస్తూ భుజాన తాడు వేసుకుని లాగేవారు. కాలువ గట్లను నడవడానికి వీలుగా, అడ్డు లేకుండా ఉంచడం వెనక ఈ అవసరం కూడా ఉంది.

నదులు దాటడం మరో పెద్ద పని. ఆనకట్ట ఎగువన నిలిచిన నీళ్లలో పడవ ఈ ఒడ్డు లాకు నుంచి ఆ ఒడ్డు లాకుకు చేరాలి. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. కృష్ణకు వరద వస్తే మాత్రం ఆనకట్ట మీది నుంచి దొర్లే ప్రవాహం పడవను లాక్కుపోతుంది. అలాంటప్పుడు రేవులో ఆగి ఎదురుచూడటమే.

ఇలా మూడు వైపుల నుంచి పడవలు వచ్చి కలిసే చోటు బెజవాడ. తూర్పున కాకినాడ, దక్షిణాన మద్రాసు, ఆగ్నేయాన బందరు. రైలు జంక్షన్‌గా మనం గొప్పగా చెప్పుకునే ఊరు అంతకు ముందే పడవల జంక్షన్. బందరు రేవుకు అప్పటికే కష్టకాలం మొదలైంది. 1864 నవంబరు ఉప్పెన దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. లోపలి కాలువల మీద సరుకు కదలడానికి అలవాటుపడిన వర్తకం బందరు తీరం మీద మునుపటిలా ఆధారపడలేదు.

ఇక ఉప్పునీటి కాలువ కథ పూర్తిగా వేరు. దానికి ఆనకట్టలతో సంబంధమే లేదు, వాటికన్నా దాదాపు అర్ధ శతాబ్దం ముందే మొదలైంది. 1806లో బాసిల్ కొక్రేన్ అనే ఆయన సొంత పెట్టుబడితో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా కాలువ తవ్వించి, పడవల మీద సుంకం వసూలు చేసుకునే హక్కు పొందాడు. తర్వాత అది పులికాట్ సరస్సు దాకా పెరిగింది. 1837లో ప్రభుత్వం చేతికి తీసుకుంది. అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా ఉత్తరానికీ దక్షిణానికీ సాగింది. 1876-78 నాటి ధాత కరువులో కూలి పనుల కింద వేలమంది చేత తవ్వించారు. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే ముక్క అప్పటిదే. గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ ప్రభువు పేరు 1878లో పెట్టారు. ఆకలితో ఉన్నవాళ్లు పలుగు పట్టి తవ్విన కాలువకు ప్రభువు పేరు మిగిలింది. ఆ కూలీల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. నాకిది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఈ కాలువ తీరానికి దగ్గరగా, సముద్రానికి సమాంతరంగా పోతుంది. దారిలో ఉన్న సరస్సులనూ వెనుకజలాలనూ కలుపుకుంటుంది. నీళ్లు వచ్చేది ఆటుపోట్లతో. నది మొగ తెరిచి ఉంటే పోటుకు నీళ్లు ఎక్కుతాయి, ఇసుక మేట వేసి మొగ మూసుకుపోతే కాలువలో లోతు తగ్గుతుంది. గుండ్లకమ్మ, పెన్న వంటి నదులు అడ్డంగా వచ్చి కలిసే చోట్ల వరద, ఇసుక లోపలికి రాకుండా అక్కడా లాకులు కట్టారు. అయినా పూడిక ఆగేది కాదు. ఏటా తవ్వుతూ ఉంటేనే అది కాలువ, లేకపోతే బురద గుంట.

ఏ సరుకు ఎటు పోయిందన్నది చూస్తే ఈ దారికి ఉన్న విలువ తెలుస్తుంది. డెల్టా నుంచి బియ్యం దక్షిణానికి. చినగంజాం చుట్టుపక్కల ఉప్పుకొటారుల నుంచి ఉప్పు అటూ ఇటూ. తీరం వెంట ఇసుక నేలల్లో పెంచిన సరుగుడు కట్టె మద్రాసు పొయ్యిల్లోకి. సున్నానికి గుల్ల. ఇవన్నీ బరువెక్కువ, ధర తక్కువ, రెండ్రోజులు ఆలస్యమైనా చెడనివి. నీటి మీద మోస్తే లాగే శ్రమ చాలా తక్కువ కాబట్టే అలాంటి సరుకుకు పడవ గిట్టుబాటైంది. ఈ పెదగంజాం పక్కనే మోటుపల్లి ఉంది. కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ 1244లో వేయించిన శాసనం అక్కడిదే. ఆ తీరానికి వర్తకం కొత్త కాదు, లోతట్టు నుంచి అక్కడికి నమ్మకమైన నీటి దారి రావడం మాత్రం కొత్త.

పడవల రాకపోకల మీద 1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలు, రేవుల చట్టం తెచ్చింది. సుంకాలు, లైసెన్సులు, రేవుల నిర్వహణ అన్నీ దాని కింద. అంటే అప్పటికి ఇది చట్టం చేయాల్సినంత వ్యవహారం అన్నమాట.

సరిగ్గా అదే కాలంలో రైలు వచ్చింది. 1880ల చివర్లో గుంతకల్లు నుంచి గుంటూరు మీదుగా బెజవాడ ఎదుటి ఒడ్డుకు ఒకటి, హైదరాబాదు నుంచి బెజవాడకు ఒకటి చేరాయి. 1893లో కృష్ణ మీద వంతెన. 1899లో బెజవాడ, మద్రాసు మధ్య లైను. ఈ చివరిది బాపట్ల, చీరాల మీదుగా కాలువ పక్కపక్కనే పోతుంది. 1900లో గోదావరి మీద వంతెన కూడా తెరుచుకుంది. కాటన్ ముందునుంచీ ఈ పోటీని ఊహించి వాదించాడు. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలువల మీద పెడితే సరుకు చవకగా కదులుతుందని 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూడా చెప్పాడు. నెగ్గలేదు. ఆయన లెక్క అన్ని చోట్లా సరైనదనీ అనలేం. కర్నూలు–కడప కాలువను ఒక కంపెనీ పడవలకూ పనికొచ్చేలా తవ్వి నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కొనాల్సి వచ్చింది. రాతి నేలలో, మోయడానికి సరుకు పెద్దగా లేని చోట పడవ కాలువ నిలబడలేదు. డెల్టాలో నిలబడింది.

ఇక్కడే "రైలు చంపింది" అన్న మాటను కాస్త ఆపి చూడాలి. మద్రాసు రైలు 1899లో వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ మీద సరుకు పడవలు 1960ల్లోనూ తిరిగాయి. పక్కనే రైలు నడుస్తుండగా 60 ఏళ్ల పైన నిలిచిన దారిని రైలే చంపిందని ఎలా అంటాం? రైలు విలువైన సరుకునూ తొందర సరుకునూ ప్రయాణికులనూ తీసుకుపోయింది. ఉప్పు, కట్టె, గుల్ల పడవకే మిగిలాయి. ఆ మిగిలినదాన్ని తీసుకుపోయింది లారీ. రేవు నుంచి గోదాముకు, గోదాము నుంచి కొట్టుకు మళ్లీ మళ్లీ ఎత్తిదించే పని లేకుండా గుమ్మం దగ్గర దించే సౌకర్యం ముందు పడవ ఆగలేకపోయింది.

కానీ అంతకన్నా లోతైన కారణం మొదట చెప్పుకున్న తేడాలోనే ఉంది. మంచినీటి కాలువల్లో పడవ ఎప్పుడూ అతిథే. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలను కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. అన్ని వారాలూ పడవ ఒడ్డుకు చేరాల్సిందే. నీళ్లు చాలని ఏడాది వంతులవారీగా వదులుతారు, పడవకు కావాల్సిన లోతు ఉండదు. లాకు గది ఒక్కసారి ఖాళీ చేస్తే ఆ మేరకు ఎగువ మట్టం తగ్గుతుంది, చివరి భూముల రైతు ఊరుకోడు. అతని తప్పు కూడా కాదు. కృష్ణా డెల్టా ఆయకట్టు 13 లక్షల ఎకరాల పైమాట. కృష్ణ నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ డెల్టాకు ఇచ్చినది 181.2 టీఎంసీలు. ప్రతి చుక్కకూ ఎకరాల లెక్క ఉన్న చోట పడవ కోసం కాలువ నిండుగా ఉంచమని అడగడం కష్టం. పాత ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది, పైన రోడ్డుతో సహా. నది దాటడానికి పడవ అవసరం అక్కడితో చాలావరకు తీరిపోయింది.

మరో దెబ్బ ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: వంతెనలు. ఊళ్లు పెరిగేకొద్దీ కాలువల మీద తక్కువ ఎత్తులో వంతెనలు కట్టుకుంటూ పోయారు. ఒక్కో వంతెనా ఊరికి అవసరమే. అయితే తెరచాప కొయ్య కాదు కదా, సరుకు నిండిన పడవ కప్పు కూడా దాని కింద పట్టదు. ఒకసారి అలాంటిది పడితే దానికి ఎగువనా దిగువనా ఉన్న కాలువ రెండు వేర్వేరు గుంటలైపోతుంది. పడవలు పోయాక లాకు తలుపులను ఎవరూ చూడలేదు. గుర్రపుడెక్క కమ్మింది. బెజవాడలో మురుగు చేరింది.

ఉప్పుకాలువకు వచ్చిన చావు వేరే. అక్కడ రైతుతో పేచీ లేదు, ప్రకృతితో ఉంది. 1960ల మధ్యలో, మళ్లీ 1976లో వచ్చిన తుపానులు గట్లను తెంపి, ఇసుక నింపాయి. సరుకు అప్పటికే లారీకి మళ్లింది కాబట్టి మళ్లీ తవ్వే ఖర్చు ఎవరూ పెట్టలేదు. మద్రాసులో ఎత్తు మీద నడిచే రైలు మార్గం స్తంభాలు కాలువలోనే దిగాయి. అయినా అది పూర్తిగా నిరర్థకం కాలేదు. 2004 డిసెంబరు 26న సునామీ అలలు వచ్చినప్పుడు పెదగంజాం నుంచి చెన్నై వరకు ఈ కాలువ చాలాచోట్ల ఆ నీళ్లను తనలోకి తీసుకుని తిరిగి సముద్రానికి వదిలింది. దాని వెనకున్న కొన్ని పల్లెలు ఆ మేరకు బతికాయి. పడవల కోసం తవ్విన కాలువ చేసిన ఈ మేలు ఏ ఇంజనీరు లెక్కలోనూ లేదు.

ఇప్పుడు జాతీయ జలమార్గం 4 పేరు వింటుంటాం. 2008లో ప్రకటించినప్పుడు దాని పొడవు 1,078 కిలోమీటర్లు. పైన చెప్పిన కాలువలు, మరక్కాణం నుంచి పుదుచ్చేరి వరకు 22 కిలోమీటర్లు కలిపి 750. మిగిలిన 328 నదులవి: గోదావరి మీద భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171, కృష్ణ మీద వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157. 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది ముక్త్యాల, విజయవాడ మధ్య 82 కిలోమీటర్లకు. చాలామంది దాన్ని "బకింగ్‌హామ్ కాలువ మళ్లీ వస్తోంది" అని అర్థం చేసుకున్నారు. అది నది భాగం, బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లు, ఎగువన సిమెంటు ఫ్యాక్టరీలు. పాత పడవ దారితో దానికి సంబంధం పేరులోనే ఉంది.

నది మీద పడవ తిప్పడం సులువు, అక్కడ వంతెనలు ఎత్తుగా ఉంటాయి, లాకులు అక్కర్లేదు. కొమ్మమూరు కాలువలో తిప్పాలంటే దుగ్గిరాల దగ్గర మొదలుపెట్టి లాకులన్నీ తిరిగి కట్టాలి, తక్కువ ఎత్తు వంతెనలు ఎత్తాలి, వేసవి కట్టివేత సమయంలో సరుకు ఎటు పోవాలో చెప్పాలి, పొలాల నీళ్లకు లోటు రాదని రైతుకు లెక్క చూపాలి. ఉప్పుకాలువలో తిప్పాలంటే పూడిక తీసే బాధ్యత ఒక్కసారి కాదు, ఏటా ఎవరో మోయాలి. ఇవి రెండూ వేర్వేరు పనులు, వేర్వేరు ఖర్చులు. కాలువల మీద పడవలు మళ్లీ వస్తాయని ఎవరు ప్రకటించినా, ఏ ముక్కలో, ఏ నీళ్ల మీద, ఏ సరుకు కోసం అని అడగాలి. ఈలోపు కనీసం ఒక్క పని డబ్బు పెద్దగా అక్కర్లేకుండా చేయవచ్చు: ఏలూరు కాలువ మీదైనా, కొమ్మమూరు మీదైనా పాత వంతెన పడగొట్టి కొత్తది కట్టే ప్రతిసారీ, కింద పడవ పట్టే ఎత్తు ఉందో లేదో డిజైన్ దశలోనే చూసుకోవడం.